ఎన్నూర్ గాలికి 304 స్టీలు మచ్చలు: 316 వేయాలా?

ప్రశ్న: చెన్నైలో సముద్రం పక్కనున్న ఎన్నూర్ వైపు షెడ్డుకి 304 స్టెయిన్‌లెస్ పైపుతో రెయిలింగ్. ఆరు నెలలకే వెల్డింగ్ పక్కన గోధుమరంగు మచ్చలు. అయస్కాంతం కాస్త అంటుకుంటోంది. సరుకు నకిలీదా?

జవాబు 1: అయస్కాంతాన్ని నమ్మకండి. వంచితే 304 కూడా కొంచెం అంటుకుంటుంది, చవకరకం 202 మామూలుగా అంటుకోదు. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8. ఉప్పుగాలిలోని క్లోరైడు, తుప్పు పట్టకుండా క్రోమియం ఏర్పరిచే పైపొరను అక్కడక్కడా తినేస్తుంది. 316లో ఉన్న 2-3 శాతం మాలిబ్డినం దాన్ని చాలావరకు ఆపుతుంది.

జవాబు 2: మచ్చలు వెల్డు పక్కనే అంటున్నారుగా, నాకైతే పనితనం మీదే అనుమానం. వెల్డింగ్ వేడికి పక్కన పట్టే నీలిరంగు మాడు తీయకపోతే 316కీ మచ్చలు తప్పవు. పిక్లింగ్ పేస్టు (ఆ మాడును తీసే ఆమ్లపు పేస్టు) రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, నీళ్లతో బాగా కడగాలి. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. మైల్డ్ స్టీలుకి వాడిన గ్రైండింగ్ వీలు, వైరు బ్రష్షు దీనికి వాడారా? ఆ ఇనుప రజను అతుక్కుని తుప్పు పడుతుంది.

ప్రశ్న వేసినవారు: ఒకటే వీలు అండి, రెండింటికీ. కొత్తగా 316ఎల్ వేస్తే ఫిల్లర్ (వెల్డులో కరిగించే కడ్డీ) ఏది?

జవాబు 1: ఈఆర్316ఎల్. ఎల్ అంటే కార్బన్ 0.03 శాతానికి మించదు, వేడికి క్రోమియం కార్బైడుగా మారి వెల్డు పక్కన బలహీనపడదు. కొనేముందు తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (లోహం కరిగించిన బ్యాచ్ నంబరు) పైపు మీది నంబరుతో సరిచూడండి. అనుమానముంటే ల్యాబులో స్పెక్ట్రో (లోహంలో ఏది ఎంత ఉందో చూసే పరీక్ష) చేయించి మాలిబ్డినం అంకె చూడండి.