టెక్నికల్ సాయం అడగడంలో, చెప్పడంలో మర్యాద: పనికొచ్చే పద్ధతులు రాయండి

కర్నూలు_కెర్నల్
లైనక్స్ (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), నెట్‌వర్కింగ్, ప్రోగ్రామింగ్ డౌట్లు అడిగేచోట కొత్తవాళ్లు తినే చీవాట్ల గురించి ఈ చర్చ. "గూగుల్ చెయ్యడం రాదా", "మాన్యువల్ చదువుకో" అనిపించుకుని చాలామంది పిల్లలు లైనక్స్ తీసేసి వెనక్కి పోతున్నారు. ఇంకోపక్క "వైఫై రావట్లేదు సార్, అర్జెంట్" అని ఒక్క ముక్క రాసి మాయమయ్యేవాళ్ల వల్ల జవాబు చెప్పేవాళ్ల ఓపికా అయిపోతోంది. ఏ వివరం పెట్టాలి, ఏ కమాండ్ కొట్టాలి, ఎవరైనా విసుక్కుంటే ఏం చెయ్యాలి, ఇవి రాయండి. "అందరూ మర్యాదగా ఉండాలి" అన్నంతవరకు అందరికీ తెలుసు.

సత్తెనపల్లి_సిస్‌అడ్మిన్
ఆ వైఫై ప్రశ్నే తీసుకుందాం. ల్యాప్‌టాప్ మోడల్ పేరొక్కటే చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో కొన్నింటికి ఇంటెల్ కార్డు, కొన్నింటికి రియల్‌టెక్ కార్డు వేసి అమ్ముతారు. మొదటి పోస్టులోనే ఇవి ఉండాలి:

డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) పేరు, వెర్షన్. దాంతోపాటు "యూనేమ్ -ఆర్" ఇచ్చే కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) నంబర్.

"ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే"లో నెట్‌వర్క్ కార్డు ఉన్న ముక్క. చదరపు బ్రాకెట్లలో కోలన్‌కి అటు నాలుగు, ఇటు నాలుగు అక్షరాల ఐడీ ఉంటుంది. అటువి కంపెనీవి (8086 అంటే ఇంటెల్), ఇటువి చిప్‌వి. అసలు జవాబు ఆ ఐడీ మీదే ఆధారపడుతుంది. కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" లైన్ కనపడకపోతే ఏ డ్రైవరూ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) దాన్ని పట్టుకోలేదన్నమాట. యూఎస్‌బీ డాంగిల్ అయితే "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" పెట్టండి.

"ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" (వైఫై ఆపేసి ఉందేమో చూపిస్తుంది). సాఫ్ట్ బ్లాక్ అని వస్తే "ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై" కొడితే పోతుంది. హార్డ్ బ్లాక్ అంటే ల్యాప్‌టాప్ మీది స్విచ్చో, ఫంక్షన్ కీయో చూసుకోవాలి, కమాండ్‌తో పోదు.

సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉందా లేదా. "మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్" చెబుతుంది. ఆన్‌లో ఉంటే సంతకం లేని బయటి డ్రైవర్‌ని కెర్నల్ లోడ్ చెయ్యదు.

ఇవి లేకుండా అడిగితే నలుగురు నాలుగు ఊహలు రాస్తారు. అడిగినవాళ్లు నాలుగూ ప్రయత్నించి ఉన్నదాన్నీ పాడుచేసుకుంటారు. విసుగులు, మాటలు అక్కడే మొదలవుతాయి.

టెర్మినల్_తమ్ముడు
జవాబు చెప్పేవాళ్లు ఎవరికీ బాకీ లేరు కదండీ. జీతం లేని పని ఇది. వివరాలు ఇవ్వనివాళ్లని ఒక మాట అంటే తప్పేముంది?

గోదారి_గిట్
తమ్ముడూ, బాకీ లేరు నిజమే. అలాంటప్పుడు జవాబు రాయకుండా వదిలెయ్యొచ్చు, ఎవరూ అడగరు. రాయాలనుకుంటే మాత్రం పనికొచ్చేలా రాయాలి. ఒకే ప్రశ్నకి రెండు జవాబులు పక్కపక్కన పెడతాను, చూడు.

ప్రశ్న: "బయటి హార్డ్ డిస్క్ పీకేశాక సిస్టమ్ బూట్ అవట్లేదు, ఎమర్జెన్సీ మోడ్ అంటోంది."

ఒక జవాబు: "ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మాన్యువల్ చదివి రా."

ఇంకో జవాబు: "బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ డిస్క్ లైన్ చూడండి. నాలుగో గడిలో 'డిఫాల్ట్స్' పక్కన కామా పెట్టి 'నోఫెయిల్' అని చేర్చండి. కామా తర్వాత ఖాళీ వదలొద్దు, వదిలితే అది ఐదో గడి అయిపోతుంది. ఈ మాట లేకపోతే సిస్టమ్‌డీ (బూట్‌ని నడిపించే ప్రోగ్రామ్) ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఆగి, దొరక్క ఎమర్జెన్సీ మోడ్‌లోకి తోసేస్తుంది. మార్చాక 'ఫైండ్‌మౌంట్ --వెరిఫై' కొట్టి తప్పుల్లేవని చూసుకుని రీబూట్ చెయ్యండి. మిగతా ఆప్షన్లు 'మ్యాన్ 5 ఎఫ్‌ఎస్‌ట్యాబ్'లో నాలుగో ఫీల్డ్ దగ్గర ఉంటాయి."

రెండోది కూడా మాన్యువల్‌కే పంపింది, కానీ ఎన్నో విభాగమో, ఏ ఫీల్డో చెప్పి పంపింది. రేపు ఇదే తిప్పలు పడేవాళ్లు వెతికినప్పుడు ఈ జవాబు వాళ్లకీ పనికొస్తుంది. మొదటిది ఎవరికి పనికొస్తుంది? అంత రాసే టైం లేకపోతే "ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ ఇక్కడ పెట్టండి" అని ఒక్క లైన్ చాలు. తిట్టడానికీ అంతే టైం పడుతుంది.

డల్లాస్_డెబియన్
ఇది కొత్త గొడవేం కాదు. 1995 అక్టోబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 (ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే పత్రాల్లో ఒకటి) ఆన్‌లైన్ మర్యాద గురించే. మొత్తం పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టుంటుందని, కోపంగా రాసిన జవాబుని ఒక రాత్రి ఆగి పంపమని అందులోనే ఉంది. ఆ రెండో సలహా ఇప్పటికీ పనిచేస్తుంది: డ్రాఫ్ట్‌లో పెట్టి పొద్దున చదివితే సగం లైన్లు మనమే కొట్టేస్తాం.

లైనక్స్ కెర్నల్ మెయిలింగ్ లిస్ట్ అయితే మాటల ఘాటుకి పెట్టింది పేరు. అక్కడే 2018 సెప్టెంబర్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన ఈమెయిళ్ల తీరుకి బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నారు. అప్పటి కెర్నల్ వెర్షన్ 4.19 విడుదలని మరో సీనియర్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ చూసుకున్నారు. కెర్నల్‌కి కొత్త ప్రవర్తనా నియమావళి కూడా అప్పుడే వచ్చింది. తిట్లు తగ్గినంత మాత్రాన ప్యాచ్‌ల (పంపే కోడ్ మార్పుల) పరీక్ష సడలలేదు. కోడ్‌ని ఎంత గట్టిగానైనా తప్పుపట్టొచ్చు, రాసిన మనిషిని అనక్కర్లేదు. తమ్ముడు గారికి నా జవాబు అదే.

తెలుగు డెస్క్‌టాప్ వాడేవాళ్లకి ఒక మాట. ఎర్రర్ మెసేజ్ తెలుగులో వస్తే బయటివాళ్లకి అర్థం కాదు, వెతికినా దొరకదు. కమాండ్ ముందు "ఎల్‌సీ_ఆల్=సి" అని పెట్టి (అన్నీ ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లోనే) మళ్లీ నడపండి, అదే మెసేజ్ ఇంగ్లిష్‌లో వస్తుంది. ఇంగ్లిష్ బాగా రాదని సిగ్గుపడొద్దు. కమాండ్, ఫలితం పూర్తిగా ఉంటే వాక్యాల్లో తప్పులు ఎవరూ పట్టించుకోరు.

ఇంకోటి, అమెరికా వాళ్లు ఎక్కువగా ఉండే చోట అడుగుతుంటే మన రాత్రి ఎనిమిదింటికి వాళ్లకి పొద్దున. అప్పుడు అడిగి, ఒక గంట అందుబాటులో ఉండండి. జవాబుగా వచ్చిన ప్రశ్నకి రెండ్రోజుల తర్వాత పలికితే అప్పటికి ఎవరూ ఉండరు.

ప్రశ్నల_పెట్టె
స్టాక్ ఓవర్‌ఫ్లో (ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైట్) గురించి మనవాళ్లలో చాలా అపార్థాలున్నాయి. అక్కడ ప్రశ్నలోని నమస్కారాలు, "థాంక్స్ ఇన్ అడ్వాన్స్"లు ఎవరో వచ్చి తీసేస్తారు. అది అవమానం కాదు, అక్కడి పద్ధతి అంతే. మూసెయ్యాలని మూడు ఓట్లు పడితే ప్రశ్న క్లోజ్ అవుతుంది. అంటే చెరిపేశారని కాదు. అదే ప్రశ్నని మళ్లీ కొత్తగా పెడితే కోపాలొస్తాయి. పాతదాన్నే ఎడిట్ చెయ్యండి, తిరిగి తెరవాలా అన్న పరిశీలనకి వెళ్తుంది. వేరేవాళ్ల పోస్టు మీద కామెంట్ చెయ్యాలంటే 50 పాయింట్లు కావాలి. అవి లేక కొత్తవాళ్లు తమ సందేహాన్ని జవాబు గడిలో రాస్తారు, అది డిలీట్ అవుతుంది. మీ సొంత ప్రశ్న కింద కామెంట్‌కి మాత్రం పాయింట్లు అక్కర్లేదు. ఏఐతో రాయించిన జవాబులు 2022 డిసెంబర్ నుంచి నిషిద్ధం. అవి వేరే ఎక్కడ పెట్టినా నడిపి చూడని కమాండ్ ఇంకొకరికి ఇవ్వొద్దు.

కోడ్ అడిగేటప్పుడు ప్రాజెక్టంతా పెట్టొద్దు. తప్పు వస్తూ ఉండగానే ఒక్కో ముక్క తీసేస్తూ పోండి. ఇక ఏది తీసినా తప్పు మాయమయ్యే దశలో మిగిలిన ఇరవై ముప్పై లైన్లు పెట్టండి. చాలాసార్లు ఆ తీసివేతలోనే కారణం దొరుకుతుంది.

పాత_మోడెం
దాచాల్సినవి, దాచకూడనివి కూడా తెలియాలి. పాస్‌వర్డ్, ఏపీఐ కీ (ఆన్‌లైన్ సర్వీసు వాడుకోడానికిచ్చే రహస్య కోడ్), పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కి కనపడే మీ అడ్రస్) కొట్టేసి పెట్టండి. కీ పొరపాటున బయటపడితే పోస్టు చెరిపితే సరిపోదు, ఆ కీనే రద్దుచేసి కొత్తది తీసుకోవాలి. 192.168తో, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి ఇంటి లోపలి అడ్రసులు. వాటిని దాచి "నెట్ ఎందుకు రావట్లేదు" అంటే గేట్‌వే (బయటి నెట్‌కి దారిచ్చే రూటర్ అడ్రస్) తప్పుందో లేదో ఎవరూ చెప్పలేరు.

జవాబు రాలేదని గంటకోసారి "ఎవరైనా చెప్పండి" అని కింద రాయకండి. జవాబుల్లేని ప్రశ్నలు మాత్రమే వడగట్టి చూసే పెద్దలుంటారు. మీ సొంత రిప్లైతో లెక్క సున్నా నుంచి ఒకటికి మారి వాళ్ల కంట పడకుండా పోతారు. ఒక రోజు ఆగి, ఈలోగా ప్రయత్నించినవి మొదటి పోస్టులోనే చేర్చండి. రెండు చోట్ల అడిగితే ఒకచోటి లింకు రెండోచోట ఇవ్వండి.

సరదాకి కొత్తవాళ్లకి డిస్క్ మొత్తం తుడిచేసే కమాండ్ ఇచ్చేవాళ్లున్నారు. దీన్ని మొరటుతనం అని వదిలెయ్యకూడదు, మోడరేటర్లు ఆ క్షణమే బయటికి పంపాలి. ఫైళ్లు చెరిపే "ఆర్‌ఎం" కమాండ్ దగ్గర రూట్ ఫోల్డర్‌కి (స్లాష్ గుర్తుతో రాసే, అన్నిటికీ పై ఫోల్డర్) రక్షణ ఉందిలే అనుకోవద్దు, స్లాష్ పక్కన నక్షత్రం గుర్తు చేరిస్తే ఆ రక్షణ అడ్డుపడదు.

క్యూఏ_అక్క
అమ్మాయి పేరుతో ప్రశ్న పెడితే వచ్చే ప్రైవేట్ మెసేజ్‌ల సంగతి కూడా రాయాలి. జవాబు గ్రూపులోనే చెప్పమనండి. తప్పు చెబితే దిద్దడానికి నలుగురుంటారు. ప్రైవేట్‌గా వచ్చి రిమోట్ కంట్రోల్ యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా బ్లాక్ చేసి అడ్మిన్‌కి స్క్రీన్‌షాట్ పంపండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

కొత్త_పెంగ్విన్
ఒక సందేహమండీ. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెడితే తిడతారు. కానీ వైఫై పనిచెయ్యని సిస్టమ్‌లోంచి ఆ కమాండ్ల ఫలితం టెక్స్ట్‌గా ఎలా పెట్టాలి?

సత్తెనపల్లి_సిస్‌అడ్మిన్
మంచి ప్రశ్న అడిగారు. ఫొటోలోంచి ఐడీ కాపీ చేసుకోలేం, వెతుకులాటలో దొరకదు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు చదవలేరు, అందుకే వద్దంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. దానికి కావాల్సిన డ్రైవర్ మామూలుగా కెర్నల్‌లోనే ఉంటుంది, వైర్డ్ కనెక్షన్‌లా కనిపిస్తుంది. డేటా కేబుల్ అయి ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో రాదు. అదీ కుదరకపోతే కమాండ్ చివర "గ్రేటర్ దేన్" గుర్తు పెట్టి ఫైల్ పేరు రాయండి. ఫలితం ఆ ఫైల్‌లో పడుతుంది, పెన్‌డ్రైవ్‌లో ఫోన్‌కి తెచ్చుకోండి. పోస్టులో పెట్టేటప్పుడు పైన మూడు, కింద మూడు బ్యాక్‌టిక్‌లు (` గుర్తు) పెడితే ఖాళీలు చెదరవు, వాట్సాప్, టెలిగ్రామ్‌లో కూడా ఇది పనిచేస్తుంది. బూటే అవకపోతే వేరే దారి లేదు, ఫొటో పెట్టండి. పెట్టి, అందులోని ఎర్రర్ లైన్ మాత్రం కింద టైప్ చెయ్యండి.