బృహద్ధమని అత్యవసర ఆపరేషన్ తరువాత గుండె లయ తప్పడం, ఆయాసం

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి): మా నాన్నగారికి బృహద్ధమని (గుండె నుంచి శరీరమంతటికీ రక్తాన్ని తీసుకెళ్లే ప్రధాన రక్తనాళం) లోపలి పొర చీలిపోవడంతో, ఇక్కడే హైదరాబాదులో అత్యవసరంగా ఆపరేషన్ చేసి, చీలిన భాగం స్థానంలో కృత్రిమ గొట్టం అమర్చారు. ఐసీయూలో ఉండగానే గుండె లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు అస్తవ్యస్తంగా కొట్టుకోవడం) అన్నారు. ఇంటికి వచ్చాక మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఇది శాశ్వతమా? చాలా ఆందోళనగా ఉంది.

జవాబు 1: గుండె ఆపరేషన్ల తరువాత లయ తప్పడం తరచుగా జరిగేదే, ఎక్కువగా 2 నుంచి 4 రోజుల మధ్య మొదలై, చాలామందిలో కొన్ని వారాలలో సద్దుమణుగుతుంది. ఆయాసాన్ని మాత్రం నీరసమని సరిపెట్టుకోకండి. గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరినా, బృహద్ధమని కవాటం (వాల్వ్) లీకైనా, గుండె కండరం బలహీనపడినా ఇదే లక్షణం కనిపిస్తుంది కనుక, వీటిని వేరుచేసి చెప్పగల ఎకో పరీక్షను (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) వెంటనే చేయించండి. రక్తం పలుచబరిచే మందు ఇచ్చి ఉంటే, వైద్యులను అడగకుండా మానకండి. లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు.

జవాబు 2: మా అమ్మగారికీ ఇదే ఆపరేషన్ జరిగింది. బృహద్ధమని కింది భాగంలో చీలిక మిగిలిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి, రక్తపోటు అదుపు, క్రమం తప్పని సీటీ స్కాన్ జీవితాంతం అవసరమని మా వైద్యులు చెప్పారు. ఇంట్లో బీపీ మిషన్ తప్పక ఉంచుకోండి.

జవాబు 3: పడుకుంటే ఆయాసం పెరిగినా, స్పృహ తప్పుతున్నట్లున్నా, ఛాతీలోగాని వీపులోగాని కొత్తగా నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.