తీర్పు అంటే తీర్చేదేనా?

సభ్యులందరికీ నమస్కారం. బాకీ తీరుతుంది, దాహం తీరుతుంది, తగువు తీరుతుంది. తగువు తీర్చే పెద్దమనిషిని తీర్పరి అంటాం. తీర్పు కూడా ఆ 'తీర్చు' నుంచి పుట్టిన మాటే. మరి తగువు తీరకపోగా ఇంకా ముదిరితే, దాన్నీ తీర్పు అనాలా? మా మనవరాలికి అమెరికా చరిత్ర పాఠం చెబుతుంటే ఈ సందేహం పట్టుకుంది.

డ్రెడ్ స్కాట్ ఒక బానిస. యజమాని వెంట బానిసత్వం లేని ఇలినాయ్‌లో, విస్కాన్సిన్ టెరిటరీలో (టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) కొన్నేళ్లు ఉన్నాడు. అందువల్ల తనకు విడుదల రావాలని 1846లో బానిసత్వం ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో దావా వేశాడు. భార్య హ్యారియెట్ కూడా వేసింది. పదకొండేళ్లు తిరిగారు. 1857 మార్చి 4న ప్రమాణం చేస్తూ అధ్యక్షుడు బ్యుకానన్, టెరిటరీల్లో బానిసత్వం గొడవను సుప్రీంకోర్టు త్వరలోనే తేల్చేస్తుందని చెప్పాడు. రెండు రోజులకే ప్రధాన న్యాయమూర్తి టానీ స్కాట్ దావాలో తీర్పు చదివాడు. నల్లవాళ్లు, బానిసలైనా కాకపోయినా, అమెరికా పౌరులు కారట. ఫెడరల్ కోర్టులో దావా వేసే హక్కే లేదట. పైగా టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు కూడా లేదన్నాడు.

ఏం తీరింది? ఉత్తరాది భగ్గుమంది. బానిసత్వం టెరిటరీలకు పాకకూడదనే రిపబ్లికన్లు బలపడ్డారు, 1860లో ఎదుటి పార్టీ డెమొక్రాట్లు రెండుగా చీలారు, రిపబ్లికన్ లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు, మరుసటి ఏడే ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం. పౌరసత్వం సంగతి 1868లో రాజ్యాంగ 14వ సవరణతో గానీ తేలలేదు.

జవాబు: మాస్టారూ, వాడుకలోనే తేడా ఉంది చూడండి. ఊళ్లో పెద్దలు తగువు 'తీర్చారు' అంటాం. కోర్టు తీర్పు 'ఇచ్చింది', 'చెప్పింది' అంటాం. కోర్టు చేతిలో ఉన్నది చెప్పడం వరకే. తీరడమనేది విన్నవాళ్లు ఒప్పుకుంటేనే కదండీ.

జవాబు: బాగా పట్టుకున్నావమ్మా. అయితే ఇంకో మాట. ఆ 7-2 తీర్పులో ఒప్పుకోని ఇద్దరిలో జస్టిస్ కర్టిస్ ఒకరు. రాజ్యాంగం ఆమోదం పొందేనాటికే ఐదు రాష్ట్రాల్లో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లకు ఓటు ఉండేదని, వాళ్లూ పౌరులేనని రాశాడు. దాన్ని మన పత్రికలు 'అసమ్మతి తీర్పు' అంటాయి. ఆ రోజు దానివల్ల తీరిందేమీ లేదు. అయినా నాకు తీర్పు అనే మాటకు తగినది అదే అనిపిస్తుంది. స్కాట్‌ను అదే ఏడు మే నెలలో కొత్త యజమాని విడుదల చేశాడు. 1858 సెప్టెంబరులో క్షయతో పోయాడు.