ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే చిన్న కారు) బగ్గీకి డిస్కు బ్రేకులు ఉంచాలా, మోటారు బ్రేకు సరిపోతుందా?

గాజువాక బగ్గీ: 1/8 కొలత (అసలు బండిలో ఎనిమిదో వంతు) నైట్రో (ద్రవ ఇంధనంతో నడిచే) బగ్గీని ఎలక్ట్రిక్‌గా మారుస్తున్నాను. సెంటర్ డిఫరెన్షియల్‌కు (ముందు, వెనక చక్రాలకు బలాన్ని పంచే గేర్ల పెట్టె, దీన్నే సెంటర్ డిఫ్ అంటారు) రెండు పక్కలా ఉన్న బ్రేకు డిస్కులు, వాటిని నొక్కే సర్వో (రిమోట్ ఆదేశంతో మీటను కదిపే చిన్న మోటారు) అలాగే ఉన్నాయి. మధురవాడలో ఒక ఖాళీ లేఅవుట్‌లో ఎర్రమట్టి మీద నడుపుతాను. వీటిని తీసేయమంటారా?

ఎంవీపీ మిత్రుడు: తీసేయండి, బరువు తగ్గుతుంది. మోటారును ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూటు) నుంచి విడదీసి, మూడు తీగల కొనలనూ ఒకదానికొకటి తాకించి, షాఫ్టును వేళ్లతో తిప్పి చూడండి. ఎంత మొండికేస్తుందో తెలుస్తుంది. బ్రేకు నొక్కినప్పుడు ఈఎస్‌సీ చేసేది ఇదే: మోటారు జనరేటరుగా మారి చక్రాలను అడ్డుకుంటుంది. వదులు మట్టిలో మాత్రం బ్రేకు బలం తగ్గించుకోండి. చక్రాలు బిగుసుకుపోతే బండి ఆగదు, జారుతుంది.

రుషికొండ క్రాలర్: బలం ఒక్కటే చూస్తే ఎలా అండీ? డిస్కులుంటే ముందు చక్రాలకు ఎంత బ్రేకు, వెనక చక్రాలకు ఎంత అన్నది విడివిడిగా సరిచేసుకోవచ్చు. మోటారు బ్రేకు సెంటర్ డిఫ్ గుండా పోతుంది కాబట్టి ఆ వీలు లేదు, డిఫ్ నూనె చిక్కదనం మార్చి కొంతవరకు సర్దుకోవాలి. టూ వీల్ డ్రైవ్‌లో ఇంకా ఇబ్బంది. బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది, మలుపులో గట్టిగా నొక్కితే బండి గిర్రున తిరుగుతుంది.

ఇంకో మాట. వేగం తగ్గేకొద్దీ మోటారు బ్రేకు పట్టు సడలుతుంది. కైలాసగిరి వైపు వాలులో నిలబెడితే బగ్గీ మెల్లగా కిందికి దిగుతూనే ఉంటుంది. నా క్రాలర్ (రాళ్ల మీద మెల్లగా ఎక్కే ఆర్‌సీ బండి) కదలకుండా నిలుస్తుందంటే గేరు తగ్గింపు ఎక్కువ, డ్రాగ్ బ్రేకు (యాక్సిలరేటరు వదిలితే దానంతటదే పడే మోటారు బ్రేకు) పూర్తిగా పెట్టి ఉంది కాబట్టే.

ఎంవీపీ మిత్రుడు: వాలు విషయంలో మీరన్నది నిజం. కానీ ఆర్కే బీచ్ ఇసుకలో డిస్కులు నడిపిన వారిని అడగండి! ప్యాడుల మధ్య ఇసుక చేరి గరగరమని అరగదీస్తుంది. ఉప్పుగాలికి ఉక్కు డిస్కు ఇట్టే తుప్పుపడుతుంది.

గాజువాక బగ్గీ: బ్యాటరీ కనెక్టరు ఊడిపోతే మోటారు బ్రేకు పోతుంది కదా, అప్పుడు డిస్కులు ఆదుకుంటాయని నా ఆశ.

రుషికొండ క్రాలర్: రిసీవరుకూ (రిమోట్ సంకేతాలు అందుకునే పెట్టె) సర్వోకూ కరెంటు ఈఎస్‌సీ నుంచే వస్తుంటే డిస్కులు కూడా పనిచేయవు. రిసీవరుకు విడిగా చిన్న బ్యాటరీ పెట్టండి, ఈఎస్‌సీ నుంచి వచ్చే ఎర్ర తీగ కలపకండి. 1/5 కొలత బరువైన బండికైతే ఈ ఏర్పాటు తప్పనిసరి అంటాను, మనుషులు తిరిగే చోట ఆ బరువు అదుపు తప్పితే కాళ్లు విరుగుతాయి. పినియన్ (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) గ్రబ్ స్క్రూ (దాన్ని షాఫ్టుకు బిగించే తల లేని స్క్రూ) కూడా చూసుకోండి. అది వదులైతే మోటారు ఉత్తినే తిరుగుతుంది, బ్రేకు చక్రాల దాకా చేరదు. థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులుకాకుండా పట్టే జిగురు) వేసి, షాఫ్టు చదును భాగం మీద కూర్చునేలా బిగించండి.

గాజువాక బగ్గీ: అయితే డిస్కులు ఉంచి విడి బ్యాటరీ పెడతాను. ఈఎస్‌సీలో బ్రేకు బలం సున్నా చేసి ముందు డిస్కులతోనే నడిపి చూస్తాను, చాలకపోతే మోటారు బ్రేకు కొద్దికొద్దిగా పెంచుతాను.