అప్‌డేట్: అడ్మిన్ హక్కులు లేకుండానే సెట్టింగులు సేవ్ అవుతున్నాయి

మా విండోస్ అప్లికేషన్ సాధారణ ఖాతాలో సెట్టింగులు సేవ్ చేయలేక 'యాక్సెస్ డినైడ్' అంటోందని, ప్రోగ్రామ్ మొత్తాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలా అని అడిగాను కదా. అవసరం లేదు, సమస్య తీరింది.

సెట్టింగుల ఫైలు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో ఉండేది. అక్కడ రాసే హక్కు సాధారణ ఖాతాకు ఉండదు కాబట్టి, ఎవరి ఖాతాకు వారిదిగా ఉండే యాప్‌డేటా ఫోల్డరుకు మార్చాం. పాత 32-బిట్ వెర్షన్‌లో ఇదే కోడ్ ఎలా పనిచేసిందో కూడా తేలింది. మానిఫెస్ట్ (ప్రోగ్రాముకు ఏ హక్కులు కావాలో విండోస్‌కు చెప్పే సమాచారం) లేని 32-బిట్ ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే విండోస్ చడీచప్పుడు లేకుండా ఆ ఫైలును ఆ యూజర్ సొంత వర్చువల్‌స్టోర్ ఫోల్డరుకు మళ్లిస్తుంది. 64-బిట్ ప్రోగ్రాములకు ఆ వెసులుబాటు లేదు. పాత యూజర్ల సెట్టింగులను ఆ వర్చువల్‌స్టోర్ నుంచే తెచ్చుకోవాలి, ఇది మాత్రం మరవకండి.

అడ్మిన్ హక్కు నిజంగా కావలసింది ఫైర్‌వాల్ నియమం చేర్చడానికే. దాన్ని చిన్న సహాయక ప్రోగ్రాముగా విడదీశాం. ఆ బటన్ నొక్కినప్పుడే అనుమతి అడుగుతుంది. అంతా అడ్మిన్‌గా నడిపి చూస్తే ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైళ్లను లాగి వదలడం పనిచేయలేదు, మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవులూ కనిపించలేదు.

ఇన్‌స్టాల్ ఫోల్డరులో అందరికీ రాసే అనుమతి ఇచ్చేయమన్న సలహాను పాటించలేదు. అలా చేస్తే ఎవరైనా మా ప్రోగ్రామ్ ఫైలునే మార్చేయగలరు.