అణువుల స్థాయిలో చూస్తే ఉష్ణానికీ పనికీ తేడా ఎక్కడుంది?

హన్మకొండ బీఎస్సీ విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఉష్ణగతిక శాస్త్రం మొదటి నియమం (వస్తువు అంతర్గత శక్తి ఉష్ణం ద్వారా, పని ద్వారా మారుతుందనే శక్తి నిత్యత్వ నియమం) మీద లెక్కలు చేయగలుగుతున్నాను గానీ దాని వెనుక అణువులు ఏం చేస్తున్నాయో ఆలోచిస్తే చిక్కు పడుతున్నాను. ఉష్ణోగ్రతల తేడా వల్ల బదిలీ అయ్యే శక్తి ఉష్ణమనీ, బలం వల్ల కలిగే స్థానభ్రంశంతో బదిలీ అయ్యేది పని అనీ పుస్తకంలో ఉంది. అయితే వేడిగా ఉన్న సిలిండర్ గోడలోని ఒక పరమాణువు కంపిస్తూ వచ్చి వాయు అణువును తాకినప్పుడు అక్కడ కూడా బలం ఉంది, ఎంత చిన్నదైనా స్థానభ్రంశం ఉంది. ఆ లెక్కన ప్రతి తాకిడీ పనే కావాలి కదా? మరి ఉష్ణమని వేరే పేరు ఎందుకు? ఇంకొక సందేహం: వాయువును వేడి చేసినా, పిస్టన్‌తో నొక్కినా ఉష్ణోగ్రత పెరుగుతుంది. పెరిగిన తరువాత ఆ వాయువును పరిశీలించి శక్తి ఏ దారిన వచ్చిందో చెప్పగలమా?

మంచిర్యాల ఇంటర్ లెక్చరర్:
రెండో సందేహం తేలికైనది కాబట్టి దానితో మొదలుపెడతాను. చెప్పలేము. వాయువులో ఉండేది అంతర్గత శక్తి మాత్రమే. ఉష్ణం, పని అనేవి ఆ శక్తి సరిహద్దు దాటిన తీరుకు పెట్టిన పేర్లు. ఉష్ణం ఒక ద్రవమై వస్తువులో నిల్వ ఉంటుందన్న కెలోరిక్ వాదాన్ని 1798లో రమ్‌ఫర్డ్ ఫిరంగి గొట్టాలను తొలిచే పనిలో గమనించిన వేడితో ప్రశ్నించాడు: తొలుస్తున్నంత సేపూ వేడి పుడుతూనే ఉంటే అది నిల్వ ఉన్న పదార్థం ఎలా అవుతుంది? మొదటి ప్రశ్నకు నేను తరగతిలో చెప్పే జవాబు ఇది: అణువులు ఒకే దిశలో క్రమంగా కదిలి శక్తిని అందిస్తే పని, క్రమం లేకుండా అందిస్తే ఉష్ణం.
ఒక హెచ్చరిక కూడా. మన భౌతికశాస్త్ర పుస్తకంలో వ్యవస్థ చేసిన పనిని ధనాత్మకంగా తీసుకుంటారు, రసాయనశాస్త్ర పుస్తకంలో వ్యవస్థపై జరిగిన పనిని ధనాత్మకంగా తీసుకుంటారు. రెండింటినీ కలిపి చదివితే గుర్తుల దగ్గరే తల తిరుగుతుంది.

వరంగల్ రీసెర్చ్ స్కాలర్:
లెక్చరర్ గారు చెప్పిన క్రమం, అక్రమం మాట నిజమే, కానీ ఆ క్రమం ఎక్కడ ఉందో చెప్పకపోతే విద్యార్థి పొరబడే అవకాశం ఉంది. నొక్కిన వాయువులో అణువులు, వేడి చేసిన వాయువులో అణువుల్లాగే, ఏ క్రమమూ లేకుండా తిరుగుతుంటాయి. క్రమం ఉన్నది సరిహద్దులో, అంటే పిస్టన్ కదలికలో.
అంకెలు వేసి చూద్దాం. 300 కెల్విన్ దగ్గర నైట్రోజన్ అణువుల సగటు వర్గ మూల వేగం (ఒక రకమైన సగటు వేగం) సెకనుకు సుమారు 517 మీటర్లు. అదే ఉష్ణోగ్రతలో ఇనుప గోడలోని ఒక్కో పరమాణువు, ఒక దిశలో లెక్కిస్తే, దాదాపు 210 మీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. ఎదురొచ్చే పరమాణువును తాకిన వాయు అణువు శక్తిని పొందుతుంది, వెనక్కు పోతున్నదాన్ని తాకితే కోల్పోతుంది. గోడ, వాయువు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే ఈ రాకపోకలు సగటున సమానమవుతాయి, గోడ వేడిగా ఉంటే లాభం వాయువు వైపు మొగ్గుతుంది. ఇదే ఉష్ణ ప్రసారం. మీరు అన్నట్టు ఇందులో ప్రతి తాకిడిలోనూ బలమూ స్థానభ్రంశమూ ఉన్నాయి.
ఇప్పుడు పిస్టన్‌ను సెకనుకు ఒక్క మీటరు వేగంతో లోపలికి నెట్టండి. పిస్టన్ పరమాణువులన్నీ తమ ఊగిసలాటకు తోడు అదే ఒక మీటరు వేగాన్ని ఒకే దిశలో మోస్తాయి. 500 మీటర్ల వేగంతో నిటారుగా వచ్చి తాకిన అణువు, ఊగిసలాటను పక్కన పెడితే, 502 మీటర్ల వేగంతో తిరిగి వెళుతుంది. దాని గతిజ శక్తి 0.8 శాతం పెరుగుతుంది. ఒక తాకిడిలో ఇది అల్పమే. కానీ సాధారణ వాతావరణ పీడనం దగ్గర ఒక చదరపు సెంటీమీటరు మీద సెకనుకు సుమారు 3 × 10²³ తాకిడులు జరుగుతాయి. ఊగిసలాట వల్ల కలిగే లాభనష్టాలు సగటులో చెల్లిపోతాయి, ఆ ఒక్క మీటరు వల్ల వచ్చే లాభం మాత్రం ప్రతి తాకిడిలోనూ కలుస్తూ పోతుంది. ఉష్ణం బయటికి పోనివ్వకుండా, నెమ్మదిగా, గాలిని సగం ఘనపరిమాణానికి నొక్కితే 300 కెల్విన్ కాస్తా 396 అవుతుంది. డీజిల్ ఇంజన్‌లో పదహారో వంతుకు నొక్కినప్పుడు, ఉష్ణ నష్టం లేదనుకుంటే, అది 900 దాటుతుంది, అందుకే దానికి స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు.
కాబట్టి తేడా తాకిడిలో లేదు, మనం రాసుకునే లెక్కలో ఉంది. పిస్టన్ స్థానాన్ని మనం కొలవగలం, అదుపు చేయగలం. దానివల్ల మారిన శక్తిని పని అంటాం. విడివిడిగా గుర్తించలేని కోటానుకోట్ల పరమాణు కదలికల ద్వారా వచ్చినదాన్ని ఉష్ణం ఖాతాలో వేస్తాం. ప్రతి పరమాణువునూ వెంబడించగల వాడెవడైనా ఉంటే అతని ఖాతాలో ఉష్ణం పద్దే ఉండదు, మీ అనుమానం అక్కడ న్యాయమైనదే. అయితే ఈ విభజన మన ఇష్టం వచ్చినట్టు చేసుకున్నది కాదు: మనం లెక్కపెట్టకుండా వదిలిన వివరాల కొలమానమే ఎంట్రోపీ. ఉష్ణం తనతో ఎంట్రోపీని తెస్తుంది, పని తేదు.

కాజీపేట ఎమ్మెస్సీ:
ఇదే విషయాన్ని క్వాంటం శక్తి స్థాయిలతో చెబితే ఇంకా సూటిగా ఉంటుంది. పెట్టెలోని అణువుకు ఎంత శక్తి పడితే అంత ఉండదు, కొన్ని నిర్దిష్ట విలువలే ఉంటాయి, అవే స్థాయిలు. ఈ స్థాయిలు పెట్టె పొడవు మీద ఆధారపడతాయి. పొడవును సగం చేస్తే ఆ దిశలోని చలనానికి ప్రతి స్థాయీ నాలుగు రెట్లు పైకి పోతుంది. నెమ్మదిగా నొక్కినప్పుడు అణువులు తాము ఉన్న స్థాయిల్లోనే ఉండి వాటితో పాటు పైకి లేస్తాయి, ఇది పని. పెట్టెను కదపకుండా వేడి చేస్తే స్థాయిలు ఉన్నచోటే ఉంటాయి, కింది స్థాయిల్లోని కొన్ని అణువులు పై స్థాయిలకు చేరుతాయి, ఇది ఉష్ణం.

హన్మకొండ బీఎస్సీ విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. ఎమ్మెస్సీ అన్నా, ఒక్క అడ్డు ప్రశ్న. జౌల్ 1845లో బరువులు కిందికి దిగేటట్టు చేసి తెడ్లతో నీటిని చిలికాడు. నీటి ఘనపరిమాణం దాదాపు మారలేదు, కాబట్టి స్థాయిలూ మారలేదు. అయినా జరిగింది పనే అంటున్నారు. మీ సూత్రం ప్రకారం అది ఉష్ణం కావాలి కదా?

కాజీపేట ఎమ్మెస్సీ:
మంచి ప్రశ్న. నేను చెప్పిన విభజన ఉత్క్రమణీయ ప్రక్రియలకే, అంటే అదే దారిన వెనక్కు తిప్పగలిగేంత నెమ్మదిగా, ఘర్షణ లేకుండా జరిగేవాటికే వర్తిస్తుంది, పుస్తకాలు ఈ షరతును చాలాసార్లు మింగేస్తాయి. జౌల్ తెడ్డు స్థానం బయటి నుంచి మనం అదుపు చేసేది, కాబట్టి సరిహద్దు దాటిన శక్తి పనే. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 427 కిలోల బరువు ఒక మీటరు దిగాలి. కానీ తెడ్డు లేపిన సుడులు స్నిగ్ధత (ద్రవం లోపలి ఘర్షణ) వల్ల చిన్న సుడులుగా విరిగి, చివరికి అణువుల యాదృచ్ఛిక చలనంగా మారుతాయి. స్థాయిలు కదలకుండా వాటిలోని అణువుల పంపిణీ మారింది, ఎంట్రోపీ నీటిలోపలే పుట్టింది. స్కాలర్ గారు పని ఎంట్రోపీని తేదన్నారు. అది నిజమే, సరిహద్దు గుండా తేలేదు, లోపల పుట్టించింది.
దీనికి ఎదురు ఉదాహరణ శూన్యంలోకి వాయువు వ్యాకోచించడం. స్థాయిలు దిగుతాయి, అణువులు పై స్థాయిలకు సర్దుకుంటాయి, ఆదర్శ వాయువులో మొత్తం శక్తి మారదు. స్థాయిలూ పంపిణీ రెండూ మారినా అక్కడ పనీ సున్నా, ఉష్ణమూ సున్నా.

చెల్పూరు థర్మల్ ఇంజనీర్:
తమ్ముడూ, ఈ చర్చ కాగితం మీదిదే అనుకోవద్దు, మా ప్లాంటు రోజూ ఈ లెక్క మీదే నడుస్తుంది. బాయిలర్ గొట్టం గోడల గుండా ఉష్ణం ఆవిరిలోకి వస్తుంది. నాజిల్‌లో ఆవిరి వ్యాకోచించినప్పుడు అణువుల యాదృచ్ఛిక చలనంలో కొంత భాగం ఒక దిశ గల ప్రవాహంగా మారి, టర్బైన్ బ్లేడును నెట్టి పనిగా బయటికి పోతుంది. ఆ పనితో ఎంట్రోపీ బయటికి పోదు కాబట్టి, బాయిలర్‌లో ఉష్ణంతో వచ్చిన ఎంట్రోపీని కండెన్సర్‌లో ఉష్ణంతోనే పంపించాలి. ఉష్ణంతో వచ్చే ఎంట్రోపీ అంటే ఆ ఉష్ణాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది. కాబట్టి ఆవిరికి 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 813 కెల్విన్ దగ్గర, 100 జౌళ్లు అందితే, 318 కెల్విన్ దగ్గర కనీసం 39 జౌళ్లు వదలక తప్పదు. నిజానికి నీరు బాయిలర్‌లోకి 250 డిగ్రీల చుట్టుపక్కల ప్రవేశించి అక్కడి నుంచి వేడెక్కుతుంది, అందుచేత ఉష్ణం సగటున ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర చేరుతుంది. దీనికి తోడు టర్బైన్‌లో ఘర్షణ జౌల్ తెడ్డులాగే కొత్త ఎంట్రోపీని పుట్టిస్తుంది. సబ్‌క్రిటికల్ యూనిట్ల (ఆవిరి పీడనం నీటి సంధి పీడనం కంటే తక్కువగా ఉండేవాటి) దక్షత 40 శాతం లోపే ఉండడానికి ఈ రెండూ ముఖ్య కారణాలు.