బాబుకి రాత్రిళ్ళు పిల్లికూతలు: ఇన్‌హేలర్ వాడొచ్చా? ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా బాబుకి నాలుగేళ్ళు. జలుబు చేస్తే చాలు, రెండో రోజు రాత్రికల్లా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పడుకోలేడు, దగ్గి దగ్గి వాంతి చేసుకుంటాడు. పిల్లల డాక్టరు లెవోసాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్, మాస్కు ఉన్న స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే బోలు గొట్టం) రాశారు. మా అత్తయ్యేమో అది మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుంది, సిరప్ చాలు అంటున్నారు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, అర్ధరాత్రి ఆటో దొరకడమే కష్టం. ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు, ఎప్పుడు బయల్దేరాలి?

జవాబు (పిల్లల వార్డులో నర్సుని):
అమ్మా, కూత ఎంత గట్టిగా వస్తోందన్నది కాదు, ఊపిరి తీయడానికి బాబు ఎంత కష్టపడుతున్నాడన్నది చూడాలి. కూతలు వస్తూనే ఇల్లంతా పరిగెత్తే పిల్లలున్నారు, వాళ్ళతో అంత భయం లేదు. అప్పటిదాకా కూసిన ఛాతీ, పిల్లాడు డస్సిపోయి ఉండగా ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే మాత్రం తగ్గిందని సంతోషపడకండి, గాలి లోపలికి సరిగా పోవడం లేదని అర్థం.

చొక్కా విప్పి లైటు వేసి చూడండి. డొక్కలు, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నాయా, గొంతు కింద గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా? ఏడవకుండా ఉన్నప్పుడు ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నిండి ఐదేళ్ళ లోపు పిల్లలకి 40 దాటితే ఎక్కువ కిందే లెక్క, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకి 50. జ్వరంలో కూడా వేగం పెరుగుతుంది కాబట్టి అంకె ఒక్కటే చూసి కంగారు పడొద్దు, డొక్కలు కూడా చూడండి.

ఇక అలవాటు సంగతి. సిరప్‌లోనూ ఇదే మందు ఉంటుందండీ. సిరప్ అయితే కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరగాలి కాబట్టి మిల్లీగ్రాముల్లో పోయాలి. ఇన్‌హేలర్ నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది, ఒక పఫ్‌కి 50 మైక్రోగ్రాములే, నిమిషాల్లో పనిచేస్తుంది. వేసిన తర్వాత కాసేపు చేతులు వణకడం, గుండె దడ, పిల్లాడు కొంచెం హుషారుగా గెంతడం ఉండొచ్చు, కొన్ని గంటల్లో పోతాయి. అలవాటు పడే మందు కాదు, అత్తయ్యగారికి ఈ మాట డాక్టరు చేతే చెప్పించండి, మనం చెబితే వినరు.

వేసే పద్ధతి సరిగా లేకపోతే ఎంత మంచి మందైనా దండగే, మా వార్డుకి మళ్ళీ మళ్ళీ వచ్చే పిల్లల్లో చాలామందికి తేడా అక్కడే కనిపిస్తుంది. బాబుని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. ఇన్‌హేలర్ బాగా ఊపి స్పేసర్‌కి తగిలించి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా సందు లేకుండా ఆనించి, ఒక్క పఫ్ నొక్కి, ఐదారు ఊపిర్లు తీసేదాకా మాస్కు తీయకండి. రెండో పఫ్‌కి మళ్ళీ ఊపాలి. రెండూ ఒకేసారి నొక్కేస్తే మందు స్పేసర్ గోడలకి అంటుకుపోతుంది. స్పేసర్‌ని సబ్బు నీళ్ళలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవొద్దు.

మామూలుగా 2 పఫ్‌లు వేసి 20 నిమిషాలు చూడమంటారు, తగ్గకపోతే గంట లోపల ఇంకో రెండుసార్లు వేయొచ్చు. మీ చీటీలో వేరేగా రాసుంటే అదే పాటించండి. అప్పటికీ తగ్గకపోయినా, తగ్గి నాలుగు గంటలు నిలవకుండా మళ్ళీ ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. పెదాలు, నాలుక నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా, నీళ్ళు తాగలేకపోయినా, మత్తుగా జోగుతున్నా గంట లెక్కలేమీ పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేలోగా పఫ్‌లు ఆపకండి.

ఇంకొకటి, జలుబూ గిలుబూ ఏమీ లేకుండా, పల్లీలో శనగలో తింటూ ఉక్కిరిబిక్కిరై ఆ వెంటనే కూత మొదలైతే అది ఊపిరి గొట్టంలో గింజ ఇరుక్కుని అయి ఉండొచ్చు. దానికి ఇన్‌హేలర్ కాదు మందు, నేరుగా పెద్దాసుపత్రికే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. రాత్రి ఆవిరి పట్టొచ్చా? స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేస్తాం, అదీ తప్పేనా?

జవాబు (అదే నర్సు):
పొగ ఏదైనా ఈ బాబుకి పడదమ్మా. సాంబ్రాణి, దోమల చుట్ట, అగరొత్తులు, ఇంట్లో ఎవరైనా కాల్చే సిగరెట్టు, అన్నీ. తల ఆరడానికి తువ్వాలు చాలు. ఆవిరితో కూత తగ్గదు, పైగా మరిగే నీళ్ళు మీద పడి ఒళ్ళు కాలిన పిల్లల్ని చూస్తుంటాం.

మరొకరు (హైదరాబాద్ నుంచి):
మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు ఇస్తారు కదా, ఒకసారి వేయిస్తే పోదా? అలాగే మా నాన్నగారికి 64 ఏళ్ళు, రాత్రి పడుకోగానే ఆయాసం, కూత, లేచి కూర్చుంటే నయం. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ఇదే ఇన్‌హేలర్ కొనొచ్చా?

జవాబు (అదే నర్సు):
చేప మందుతో ఉబ్బసం పోతుందని శాస్త్రీయ రుజువు లేదు. మీ నమ్మకం మీది, కానీ వేయించాం కదా అని ఇన్‌హేలర్ ఆపేయడమే కొంప ముంచుతుంది. ఆ రద్దీలోకి ఉబ్బసం ఉన్న పిల్లల్ని తీసుకెళ్తే జేబులో ఇన్‌హేలర్ ఉండాల్సిందే.

నాన్నగారి సంగతి వేరండీ. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం, పాదాల వాపు, ఇవన్నీ కలిస్తే ముందు గుండెనే అనుమానించాలి. మందుల షాపులో ఇన్‌హేలర్ కొనకండి. రేపే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళి ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) అడగండి, ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, ఎందుకంటే కొన్ని బీపీ మాత్రలు కూడా కూతని పెంచుతాయి. అలా అని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపేయొద్దు. ఈ రాత్రే ఛాతీలో నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రేపటి దాకా కూడా వద్దు, ఇప్పుడే బయల్దేరండి.